సర్కారు బడి టీచరు ఉద్యోగం: పదో తరగతికీ కాలేజీకీ మధ్య ఉన్న పని

మీరు మాదాపూర్‌లో బీపీవో ఉద్యోగం చేస్తున్నారు, బీఎడ్ అయిపోయింది, డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష) రాసి ప్రభుత్వ బడిలో చేరాలని ఉంది. ఇంట్లో వాళ్లేమో "ఆ పిల్లలు ఎలాగూ పదితో ఆగిపోతారు, దానికోసం ఉన్న ఉద్యోగం వదులుకుంటావా" అంటున్నారు. టీచరు వల్ల ఆ పిల్లలు నిజంగా కాలేజీ దాకా వెళ్తారా అని మీ ప్రశ్న. వెళ్తారు. కాకపోతే మీరు బీఎడ్‌లో నేర్చుకున్న పనితో వెళ్లరు. అదే కాస్త వివరంగా చెబుతాను.

నేను స్కూల్ అసిస్టెంటును, అంటే హైస్కూలు టీచరును, సోషల్ చెబుతాను. ఇప్పుడు ముషీరాబాద్ వైపు ఒక హైస్కూల్లో ఉన్నాను, అంతకుముందు బోరబండ దగ్గర చేశాను. కాబట్టి నాకు తెలిసింది హైదరాబాద్ బస్తీల సంగతే. జిల్లాల్లో పనిచేసేవాళ్లు ఇంకోలా చెప్పొచ్చు.

మీ ఇంట్లో వాళ్ల మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు. మా బడి నుంచి ప్రతి ఏడూ కొందరు పదితో ఆగిపోతారు. అయితే ఫెయిలైనవాళ్లే ఆగిపోతారని బయటివాళ్లు అనుకుంటారు. ఫెయిలైనవాళ్లకు జూన్‌లో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది, అందులో పాసైతే అదే ఏడు ఇంటర్‌లో చేరొచ్చు. నాకు బాధ కలిగించేది పాసైన పిల్లల సంగతి. మంచి మార్కులతో పాసైన అమ్మాయి ఆగస్టులో ఎవరి ఇంట్లోనో అంట్లు తోముతూ కనిపిస్తుంది. లెక్కల్లో చురుకైన అబ్బాయి భోలక్‌పూర్‌లో స్క్రాప్ దుకాణం ముందు ప్లాస్టిక్ వేరు చేస్తూ "నమస్తే మేడం" అంటాడు.

ఎందుకిలా అవుతోందో తెలియాలంటే ఒకసారి క్యాలెండర్ చూడండి. 2024లోనూ 2025లోనూ పదో తరగతి ఫలితాలు ఏప్రిల్ 30న వచ్చాయి. అప్పటికే బడికి వేసవి సెలవులు. మళ్లీ తెరిచేది జూన్ 12న. ఇంటర్ అడ్మిషన్లు మే నెలలోనే మొదలై, జూన్ మొదటి వారానికల్లా కాలేజీలు తెరుచుకుంటాయి. పాలిటెక్నిక్ ప్రవేశానికి రాసే పాలిసెట్ పరీక్ష మేలోనే అయిపోతుంది, దానికి దరఖాస్తు ఇంకా ముందే చేయాలి. బాసర ట్రిపుల్ఐటీ దరఖాస్తులు జూన్‌లో. గురుకుల జూనియర్ కాలేజీలదీ ఇదే సీజన్. అంటే పిల్లలకు టీచరుతో ఎక్కువ పని పడే రోజుల్లోనే బడికి తాళం ఉంటుంది. రిజల్ట్ రాగానే బడి లెక్క ముగుస్తుంది, అడ్మిషన్ అయ్యాక గానీ కాలేజీ లెక్క మొదలవదు. మధ్యలో ఉన్న ఈ కొన్ని వారాలు ఎవరి డ్యూటీ చార్టులోనూ లేవు.

మాకు జనవరి నుంచి పదో తరగతికి సాయంత్రం స్పెషల్ క్లాసులుంటాయి, స్నాక్స్ ఉంటాయి, పాస్ పర్సంటేజీ మీద మీటింగుల మీద మీటింగులుంటాయి. ఎంతమంది పాసయ్యారో డీఈవో ఆఫీసు నుంచి అడుగుతారు. ఎంతమంది ఇంటర్‌లో చేరారని నేను వెళ్లిన ఏ మీటింగులోనూ అడగలేదు. అడగని పనిని ఎవరైనా చేస్తే వాళ్లిష్టం. ఈ ఉద్యోగంలో పిల్లల్ని కాలేజీకి చేర్చే పని అచ్చంగా అదే.

ఆ సమయంలో బస్తీలోకి రోజూ వచ్చేది మాత్రం ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు, అంటే అడ్మిషన్ల కోసం తిరిగే ఏజెంట్లు. వాళ్లు పరీక్షలకు ముందే ఫోన్ నంబర్లు సంపాదిస్తారు, ఇంటికొచ్చి కూర్చుంటారు, "మీ బాబుకు కన్సెషన్ ఇప్పిస్తాం, ఇప్పుడు రెండు వేలు కట్టి సీటు ఆపుకోండి" అంటారు. వాళ్ల పట్టుదల చూస్తే నాకు కోపం కన్నా కుళ్లు ఎక్కువ. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేదన్న మాట ఆ గడపలోకి వెళ్లి చెప్పేవాళ్లు ఎవరూ లేరు కదా అని. మా పాత విద్యార్థి ఒకడు ఇలాగే ఒక ప్రైవేటు కాలేజీలో చేరాడు. రెండేళ్లయ్యాక ఫీజు బాకీ ఉందని సర్టిఫికెట్లు ఇవ్వలేదు. వాళ్ల అమ్మ చిట్టీ పాడి కట్టి తెచ్చుకునేసరికి డిగ్రీ అడ్మిషన్లు ఆఖరి విడతకు వచ్చాయి.

నేను ఈ పనిని తొమ్మిదో తరగతిలోనే మొదలుపెడతాను. మొదట పేరు చూస్తాను. బడి రిజిస్టర్లో "సాయి" అని ఉంటుంది, ఆధార్‌లో "సాయికుమార్" అని ఉంటుంది, పుట్టినతేదీ రెండుచోట్లా రెండు రకాలు. పదో తరగతి నామినల్ రోల్స్‌లో (పరీక్ష రాసేవాళ్ల జాబితాలో) ఏ పేరు వెళ్తే అదే మార్కుల మెమోలో అచ్చవుతుంది, ఇక జీవితాంతం ఆ పేరే. మెమో వచ్చాక దిద్దించుకోవడం ఎంత తలనొప్పో పడ్డవాళ్లకే తెలుసు. తొమ్మిదిలో అయితే ఆధార్ కేంద్రానికి వెళ్లొస్తే సరిపోతుంది.

రెండోది ఫోన్ నంబరు. నవ్వకండి, నిజంగా కాలేజీకి అడ్డుపడేది ఇదే. మా తల్లిదండ్రులు ఆఫర్ వచ్చినప్పుడల్లా సిమ్ మారుస్తారు. ఆధార్‌కు లింకైన నంబరు ఎప్పుడో పోయి ఉంటుంది. డిగ్రీ అడ్మిషన్లకు 2016 నుంచి "దోస్త్" ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. అందులో ఆధార్‌కు లింకైన ఫోన్‌కు ఓటీపీ రాకపోతే ఇంట్లో కూర్చుని రిజిస్ట్రేషనే పూర్తి చేయలేరు. ఇంటర్ పాసైన పిల్ల ఓటీపీ రాక ఇంట్లో కూర్చుందంటే మీరు నమ్ముతారా? నేను చూశాను.

మూడోది కులం, ఆదాయం సర్టిఫికెట్లు. మా పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు నారాయణపేట, మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు నుంచి వచ్చినవాళ్లు. వాచ్‌మన్లు, మేస్త్రీ పని, ఇళ్లలో పని. కుల ధ్రువీకరణ సొంతూరి మండలంలో తీసుకోవడం తేలిక, కానీ దానికోసమే ఊరికి పోవాలంటే ఒక రోజు కూలీ, పైన బస్సు ఛార్జీలు. అందుకే దసరా సెలవులకు ముందు క్లాసులో చెబుతాను: పండక్కి ఎలాగూ ఊరెళ్తారు, పండగ మర్నాడు తిరిగి రాకుండా ఒక్క రోజు ఆగి మీసేవకు వెళ్లి రండి అని. స్కాలర్‌షిప్పుకు పట్టణాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షలు దాటకూడదు. మా పిల్లల్లో దాటేవాళ్లు అరుదు, కానీ దాటలేదని కాగితం ఉండాలి కదా.

ఎనిమిదో తరగతిలో ఉండే ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష గురించి కూడా తెలుసుకోండి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకే ఇది. ప్రతి ఏడూ రెన్యూవల్ చేయాలి, మానేస్తే పోతుంది. తండ్రితో మాట్లాడేటప్పుడు నాకు ఈ మొత్తం బాగా పనికొస్తుంది. "చదివిస్తే ఖర్చు" అన్నచోట "చదివితే డబ్బొస్తుంది" అనగలిగితే ఆయన కుర్చీ వేస్తాడు.

అమ్మాయిల సంగతి వేరు. "సదువుకుంటే మంచిదే మేడం, గాని దీని ఎనుక ఇంకిద్దరున్నరు" అని తల్లి అంటుంది. "గంత దూరం బస్సుల ఒక్కతే ఎట్ల పోతది" అని తండ్రి అంటాడు. ఇందులో రెండో మాటకు 2023 డిసెంబరు 9 తర్వాత జవాబు కొంత తేలికైంది. ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే జీరో టికెట్. అంతకుముందు నెలనెలా బస్ పాస్ డబ్బుల దగ్గరే కొన్ని చదువులు ఆగిపోయేవి. రాజకీయంగా ఆ పథకం మీద ఎవరేమన్నా సరే, నాంపల్లిలో, కోఠిలో కాలేజీకి పోతున్న మా అమ్మాయిలను చూసే దాని గురించి నేను మాట్లాడతాను.

పెళ్లి మాట వచ్చినప్పుడు నేను చదువు గొప్పదనం చెప్పను. చెప్పి చూడండి, పది నిమిషాలు తలూపి పంపేస్తారు. ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం డబ్బిచ్చే కల్యాణలక్ష్మి గురించి అడుగుతాను. అమ్మాయికి 18 నిండితేనే ఆ 1,00,116 రూపాయలు వస్తాయని వాళ్లకూ తెలుసు. పదో తరగతి అయ్యేసరికి పదహారు. మిగిలిన రెండేళ్లు ఇంట్లో ఉంచి ఏం చేస్తారు, ఇంటర్ చదివించండి అంటాను. ఇంటర్ అయిన అమ్మాయి ఇక తన మాట తానే చెప్పుకుంటుంది. ఇది అంత ఆదర్శవంతమైన వాదన కాదని నాకు తెలుసు. బాల్య వివాహం చట్టవిరుద్ధమని చెప్పి భయపెట్టడం కన్నా ఇదే పనిచేసింది.

నాకన్నా బాగా పనిచేసేది అదే గల్లీలో ఉండే సీనియర్ అమ్మాయి. రెండేళ్ల కిందట మా దగ్గర చదివి, ఇప్పుడు బీకాం చదువుతూ, ఆదివారాలు బట్టల షాపులో చేస్తున్న అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్తే ఆ ఇంట్లో నేను మాట్లాడాల్సిన పనే ఉండదు. "నేను తోలుకపోత అంకుల్, మా కాలేజీ పక్కనే" అంటుంది, అంతే. మీరు టీచరైతే మీ పాత విద్యార్థుల నంబర్లన్నీ దాచిపెట్టుకోండి.

ఇక గ్రూపు ఎంచుకోవడం. పీఆర్వోలూ బంధువులూ కలిసి అందరినీ ఎంపీసీలోకి తోస్తారు. పదిలో లెక్కలు గైడు చూసి గట్టెక్కిన పిల్లవాడు ఇంటర్ మొదటి ఏడులో లెక్కల పేపర్లు 1ఏ, 1బీ రెండూ ఫెయిలై, సిగ్గుపడి కాలేజీ మానేస్తాడు. కాలేజీకి చేర్చామని మనం మురిసేలోపే అక్కడ ఆగిపోతాడు. వాడు సీఈసీ (కామర్స్ గ్రూపు) తీసుకుని బీకాం చేసి ఉంటే ఈ ఊళ్లో అకౌంట్స్ పని దొరకదా? దొరుకుతుంది. సోషల్ టీచరుగా హెచ్ఈసీ (చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్) మీద నాకు కొంచెం పక్షపాతం ఉందనుకోండి, అయినా లెక్కలంటే టెన్షన్ పడే పిల్లల్ని ఎంపీసీలో వేయడం అన్యాయం.

చేతిపని ఇష్టపడే అబ్బాయిలకు పాలిటెక్నిక్ మంచిది. మాసబ్‌ట్యాంక్‌లో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, రామంతాపూర్‌లో ఉంది, అమ్మాయిలకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ దగ్గర కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఉంది. మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడులో చేరొచ్చు. ఒక అబ్బాయి "షెడ్డుల నెలకు పదివేలిస్తమన్నరు మేడం" అని పది పరీక్షలు కాగానే బైకు మెకానిక్ దగ్గర చేరాడు. అప్పటికే క్లాసు మొత్తంతోపాటు వాడిచేతా పాలిసెట్ రాయించే ఏర్పాటు చేశాం కాబట్టి ర్యాంకు వచ్చింది. షెడ్డు ఓనరు మంచివాడు, సాయంత్రాలు వస్తే చాలన్నాడు. మెకానికల్ డిప్లొమా అయింది, ఈసెట్ రాశాడు, ఇప్పుడు బీటెక్‌లో ఉన్నాడు. క్లాసులో నా పాఠాలకు వాడెప్పుడూ మెలకువగా ఉన్నది లేదు!

అందరికీ ఇలా జరగదు, అదీ చెప్పాలి. ఇంట్లో అప్పుంటే, తండ్రి తాగుతుంటే, తల్లికి ఆరోగ్యం బాగాలేకపోతే నెలనెలా వచ్చే పది పన్నెండు వేలతో మన మాట పోటీ పడలేదు. అలాంటివాళ్లకు ఓపెన్ స్కూల్ ఇంటర్ కట్టిస్తాను. కొందరు రాస్తారు, చాలామంది రాయరు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. మీ దగ్గరికొచ్చే క్లాసులో ఎవరుంటారు? 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకులాల పద్ధతి ఇప్పుడు రాష్ట్రమంతా పాకింది. ఐదో తరగతిలోనే ప్రవేశ పరీక్ష ఉంటుంది. కాస్త తెలిసిన తల్లిదండ్రులున్న చురుకైన పిల్లలు అటు వెళ్లిపోతారు. నగరంలోని మామూలు బడిలో మిగిలేది ఇల్లు వదిలి వెళ్లలేనివాళ్లు, చెల్లెళ్లను చూసుకోవాల్సినవాళ్లు, ఏడాది మధ్యలో సైటు మారిందని వచ్చి చేరేవాళ్లు. గురుకులాల ఫలితాలతో మా బడిని పోల్చి ఎవరైనా మాట్లాడితే నేను ఆ గదిలోంచి లేచి వస్తాను.

ఉద్యోగంలో విసుగు పుట్టించేది పిల్లలు కాదు, పాఠం కాని పనులు. యూడైస్ (బడుల సమాచార పోర్టల్) వివరాలు, పిల్లల అపార్ ఐడీలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఎన్నికల డ్యూటీ. 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వేకు ప్రాథమిక పాఠశాలల టీచర్లను పంపారు, ఆ రోజుల్లో ఆ బడులు ఒంటిపూటే నడిచాయి. బీపీవోలో షిఫ్టు అయ్యాక లాగవుట్ చేసి వచ్చేస్తారు చూడండి, ఇక్కడ ఆ సుఖం లేదు.

జీతం గురించి అడగలేదు గానీ చెబుతాను. 2020 పీఆర్సీ (వేతన సవరణ) స్కేళ్లలో ఎస్జీటీకి, అంటే ప్రాథమిక తరగతుల టీచరుకు, మూలవేతనం 31,040 దగ్గర, స్కూల్ అసిస్టెంటుకు 42,300 దగ్గర మొదలవుతుంది. పైన డీఏ, ఇంటద్దె భత్యం. పాత పెన్షన్ మీకు రాదు, 2004 సెప్టెంబరు నుంచి చేరినవాళ్లందరికీ సీపీఎస్సే (జీతంలోంచి వాటా కట్టే పెన్షన్). పర్లేదు, బతకొచ్చు.

ప్రవేశం మాత్రం అంత తేలిక కాదు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత బీఎడ్ వాళ్లు ఎస్జీటీ పోస్టులకు పనికిరారు, డీఎడ్ చేసినవాళ్లకే అవి. కాబట్టి మీరు టెట్ (టీచరు అర్హత పరీక్ష) పేపర్ 2 రాసి స్కూల్ అసిస్టెంటుకే పోటీ పడాలి. నియామకంలో డీఎస్సీ పరీక్షకు 80, టెట్‌కు 20 వెయిటేజీ, కాబట్టి టెట్ ఒకసారి పాసైనా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయడం మంచిదే. పోస్టులు జిల్లాలవారీగా ఉంటాయి, ఒకటి నుంచి ఏడు తరగతుల దాకా ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి మీ లోకల్ జిల్లా తేలుతుంది. ఆ బోనఫైడ్లు ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి. హైదరాబాద్‌లో ఉంటున్నంత మాత్రాన హైదరాబాద్ జిల్లా లోకల్ కారు.

అన్నిటికన్నా ముఖ్యం, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. 2017లో టీఆర్టీ (డీఎస్సీకి అప్పటి పేరు) వచ్చాక, మళ్లీ నియామకాలు జరిగింది 2024లో, 11,062 పోస్టులకు. మధ్యలో 2023లో వచ్చిన నోటిఫికేషన్ రద్దయింది. మా బడి నుంచి కాస్త నడిస్తే అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ. ఆ ఏళ్లన్నీ అక్కడే గడిపిన నా జూనియర్లున్నారు, అన్నం తిన్నారో లేదో తెలియకుండా. మీరు ఉద్యోగం మానేసి కోచింగ్‌కు కూర్చోవద్దు. నైట్ షిఫ్టు చేస్తూనే చదవండి. గురుకుల నియామకాలు వేరే బోర్డు చేస్తుంది, 2023లో 9,210 పోస్టులు వేశారు, అవీ రాయండి. పీజీ ఉంటే జూనియర్ లెక్చరర్ కూడా చూడండి. ఇంటర్ మొదటి ఏడులో పిల్లలు జారిపోకుండా పట్టుకునేవాళ్లు మాకు అవతలివైపు చాలా అవసరం, మంచి జేఎల్ ఉన్న కాలేజీకి నేను ధైర్యంగా పిల్లల్ని పంపుతాను. పోస్టు వచ్చేదాకా ఆగలేనంటే టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్ హైదరాబాద్‌లో ఉంది, రెండేళ్లు క్లాసులో ఉండి ఈ పని మీకు పడుతుందో లేదో చూసుకోవచ్చు.

అంతకన్నా చిన్న పరీక్ష ఒకటుంది, దానికి ఉద్యోగం మానక్కర్లేదు. ఏప్రిల్‌లో మీ ఇంటికి దగ్గర్లోని ప్రభుత్వ హైస్కూలుకు వెళ్లి హెడ్‌మాస్టరును కలవండి. మే నెలలో మీ వీక్లీ ఆఫ్ రోజుల్లో పదో తరగతి పిల్లల దరఖాస్తులు నింపడానికి వస్తానని చెప్పండి. ఒక ల్యాప్‌టాప్, ఫోన్‌లో డేటా ఉంటే చాలు. ఇంటర్నెట్ మెమోతోనే జూనియర్ కాలేజీలో తాత్కాలిక అడ్మిషన్ ఇస్తారని, ఒరిజినల్ మెమో, టీసీ తర్వాత ఇవ్వొచ్చని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు, ముందు అది చెప్పండి. ఒక పిల్లతో, వాళ్ల నాన్నతో కలిసి కాలేజీ ఆఫీసు దాకా వెళ్లండి. కౌంటర్ దగ్గర క్లర్కు "రేపు రండి" అన్నప్పుడు మీకు ఏమనిపిస్తుందో చూసుకుని, ఆ తర్వాత టెట్ ఫీజు కట్టండి. నోటిఫికేషన్ పడ్డాక సిలబస్ సందేహాలుంటే ఇక్కడే అడగండి, సోషల్ వరకు నేను చెబుతాను.